అన్నదమ్ముల గోడ, అక్క లెక్కపెట్టిన రాడ్లు

మా ఇంట్లో ఎవరైనా అలిగి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటే, మా అక్క బయట నిలబడి హిందీలో అడుగుతుంది: "భయ్యా, యే దీవార్ టూట్‌తీ క్యోం నహీ?" అక్కకి వచ్చిన హిందీ దాదాపు అంతే. లోపలున్న మనిషికి నవ్వొచ్చేస్తుంది. నవ్వొచ్చాక ఇంక అలక ఏం నిలుస్తుంది, తలుపు తీయాల్సిందే.

ఆ మాట ఎక్కడిదో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంబుజా సిమెంట్ ప్రకటన. అన్నదమ్ములిద్దరూ గొడవపడి ఇంటి మధ్యలో గోడ కట్టేసుకుంటారు. తర్వాత మనసులు కరుగుతాయి, పడగొట్టేద్దామనుకుంటారు. గోడ పడదు. ఎందుకు పడటం లేదని ఒకడంటే, ఎలా పడుతుంది, ఫలానా సిమెంటుతో కట్టిందాయె అని జవాబు. అన్న, తమ్ముడు రెండు వేషాలూ బొమన్ ఇరానీవే. ఒకే మొహం రెండు పక్కలా ఉండి ఒకదాన్నొకటి చూసి మూతి ముడుచుకుంటుంటే, అన్నదమ్ముల గొడవల గురించి అంతకంటే చెప్పాల్సింది ఏముందనిపించేది నాకు.

అది సిమెంటు సంగతి. ఇనుము దగ్గరికొస్తే ఇలాంటి నవ్వు నాకు ఎక్కువ కనపడలేదు. నేను చూసిన స్టీల్ ప్రకటనల్లో చాలావాటికి ఒకటే పద్ధతి. ఆకాశంలో ఉరుములు. ఎర్రగా కాలుతున్న కడ్డీ నిప్పురవ్వలు చిమ్ముకుంటూ దూసుకొస్తుంది. పెద్ద మనిషొకడు చేతులు కట్టుకుని కెమెరా వైపు నడుస్తాడు. వెనక నుంచి బొంగురు గొంతు. చివర్లో ఎత్తయిన బిల్డింగు, సూర్యోదయం. హీరోలు దొరకనప్పుడు ఆటగాళ్ళు. శ్యామ్ స్టీల్‌కి విరాట్ కోహ్లి, అనుష్క శర్మ. మన వైజాగ్ స్టీల్‌కి పి.వి. సింధు. సింధు అంటే నాకూ అభిమానమే గానీ, ఆవిడ స్మాష్ కొడితే మా పిల్లర్‌కి బలం ఎలా వస్తుందో ఇప్పటికీ అర్థం కాలేదు.

నా వాదన ఏమిటంటే, ఇనుము అమ్మేవాళ్ళు కండలు చూపించడం మానేసి తోబుట్టువుల్ని పెట్టి నవ్వించాలి. అది సరదా కోసం చెప్తున్నది కాదు, అమ్మే సరుకుని బట్టి చూస్తే అదే నిజాయితీ గల పద్ధతి. ఇంకో షరతు కూడా ఉంది గానీ, అది చెప్పాలంటే ముందు మా ఇంటి కథ చెప్పాలి.

నాన్న పోయాక తణుకులో మా తాతగారి నాటి పెంకుటిల్లు తీసేసి డాబా వేద్దామనుకున్నాం. కింద అన్నయ్యకి, పైన నాకు. అన్నయ్య హైదరాబాద్‌లో, నేను బెంగళూరులో. అక్కని అదే ఊళ్ళో ఇచ్చారు, నడిస్తే పది నిమిషాలు. "నేను చూసుకుంటాలేరా" అంది. మా ఇద్దరికీ పెద్ద బరువు దిగిపోయింది. 2019లో పని మొదలైంది. మేం వాట్సాప్‌లో ఫొటోలు చూస్తూ "సూపర్ అక్కా" అని బొటనవేలి గుర్తులు పెడుతూ కూర్చున్నాం.

ఒకరోజు మధ్యాహ్నం మీటింగ్‌లో ఉండగా ఫోన్. "ఒరేయ్, 12 ఎం.ఎం. రాడ్ ఒకటి ఎంత బరువుండాలి?"

నాకు తెలియదు. వెతికి చెప్పాను. లెక్క తేలికే. రాడ్ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. పన్నెండు పన్నెండ్లు 144, దాన్ని 162తో భాగిస్తే కిలోకి కాస్త తక్కువ, 888 గ్రాములు. పూర్తి రాడ్ 12 మీటర్లు ఉంటుంది కాబట్టి పది కిలోల ఆరొందల చిల్లర.

"అయితే టన్నుకి ఎన్ని రావాలి?"

"తొంభై నాలుగు దాకా."

"నూట ఒకటొచ్చాయి."

మంచిదే కదా అన్నాను. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో నా మీద జోకు. కొట్టువాడు కూడా సరిగ్గా అదే అన్నాడట: "ఎక్కువొచ్చాయి కదమ్మా, సంతోషించాలి గానీ." దానికి మా అక్క అన్న మాట ఇది: "పాలు ఎక్కువొచ్చాయంటే నీళ్ళు కలిసినట్టే గదయ్యా."

కాటా చీటీ ప్రకారం టన్ను సరిగ్గానే ఉంది. టన్ను బరువులో ఏడు రాడ్లు ఎక్కువొచ్చాయంటే కొన్ని రాడ్లు సన్నగా ఉన్నాయన్నమాట. లారీలో పట్టడానికి రాడ్లని మధ్యకి మడిచి కట్టలు కడతారు కదా, ఆ కట్టలు విప్పించి, ఒక్కో రాడ్ మీదా బొటనవేలు రుద్దుకుంటూ పోయింది. మంచి రాడ్ మీద కంపెనీ పేరు, గ్రేడు ఉబ్బెత్తుగా అచ్చేసి ఉంటాయి, కొంత దూరం పోగానే మళ్ళీ అదే పేరు తగులుతుంది. కట్టల పైవాటి మీద ఉన్నాయి. మధ్యలో నలభై ఒక్క రాడ్ల మీద పేరూ లేదు, గ్రేడూ లేదు. మేస్త్రి చేత ఒకదాన్నుంచి మీటరు ముక్క కోయించి, వీధి చివర కిరాణా కొట్టుకి పట్టుకెళ్ళింది. కందిపప్పు తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే 730 గ్రాములు. 888 ఉండాల్సింది. ప్రమాణాల ప్రకారం ఈ సైజులో అయిదు శాతం అటూ ఇటూ ఉంటే పర్వాలేదు. ఇక్కడ పోయింది పద్దెనిమిది శాతం దాకా.

కిరాణా ఆయన ఆ ముక్కని చూసి "ఇదేం పప్పమ్మా" అన్నాడట.

మేస్త్రి మంచివాడే, చేతిలో పనితనం ఉన్నవాడు. కానీ ఆ సాయంత్రం ఆయన అన్న మాట అక్కకి చాలారోజులు గుచ్చుకుంది. "పోనివ్వండి అమ్మగారూ, స్లాబ్ పోశాక ఎవరు చూస్తారండీ?"

నిజానికి ఇనుము వ్యాపారం మొత్తం ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. టైల్స్ బాగోకపోతే కనిపిస్తుంది. రంగు వెలిస్తే కనిపిస్తుంది. కుళాయి కారితే మర్నాడే ప్లంబర్‌కి ఫోన్ చేస్తాం. ఇనుము మాత్రం కాంక్రీటు పడిన రోజు కంటికి చివరిసారి కనబడుతుంది. మళ్ళీ కనిపించిందంటే ఏదో ఘోరం జరిగినట్టే. మన జీవితంలో పెట్టే అతి పెద్ద ఖర్చుల్లో ఒకటి, వాడి చూసి బాగుందో లేదో చెప్పలేని వస్తువు మీద పెడుతున్నాం. మరి అలాంటి వస్తువుని ఎలా అమ్ముతారు? నమ్మకంతో. నమ్మకం ఎక్కడ దొరుకుతుంది? హీరో దగ్గర, గొంతు దగ్గర, ఉరుముల దగ్గర.

దీంట్లో నాకున్న పేచీ అదే. ఉరుముల ప్రకటన అబద్ధం అని ఎవరూ నిరూపించలేరు, ఎందుకంటే అది ఏమీ చెప్పదు. హీరో వానలో నిలబడి "నమ్మకం" అంటాడు. నమ్మకం బరువు కిలోల్లో తూచలేం కదా. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. వాటి ప్రకారం కంపెనీతోబాటు ప్రచారం చేసిన సెలబ్రిటీ కూడా జవాబుదారీ. మొదటిసారి దొరికితే పది లక్షల దాకా జరిమానా. మంచిదే. అయితే "నమ్మకం" అన్నందుకు ఎవరికి జరిమానా వేస్తారు?

దీని పక్కన అన్నదమ్ముల గోడ పెట్టి చూడండి. అందులో ఉన్నది పచ్చి అతిశయోక్తి. అంత బలమైన గోడ ఉండదని చూసే పిల్లాడికీ తెలుసు. మోసపోయేవాడు ఎవడూ లేడు. ప్రకటనల పరిశ్రమ తనకి తాను పెట్టుకున్న కాపలా సంస్థ ఒకటుంది, అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, 1985 నుంచి నడుస్తోంది. దాని నియమావళిలో ఈ సంగతే ఉంది: నవ్వించడానికి చెప్పే గొప్పలు తప్పు కాదు, అవి గొప్పలని చూసేవాడికి స్పష్టంగా తెలిసిపోవాలి. ఈ ముక్క చదివినప్పుడు మా తాతగారి తరం వాళ్ళు అరుగుల మీద కూర్చుని కోసే కోతలు గుర్తొచ్చాయి. కోతని కోతగా వినడం మనకి వచ్చిన విద్యే. గంభీరంగా చెప్పే కోతలతోనే ప్రమాదం.

ఈ మాటే హైదరాబాద్‌లో స్ట్రక్చరల్ ఇంజనీరుగా ఉన్న మా బాబాయి కొడుకుతో అంటే వాడు కొట్టిపారేశాడు. "నవ్విస్తే జనానికి ఇనుము గురించి ఏం తెలుస్తుందిరా? 500డి లో డి అంటే ఏంటో చెప్పమను ముందు." వాడి కోపంలో న్యాయం ఉంది. 500డి అనేది రాడ్ గ్రేడు. అందులో 500 అనేది రాడ్ బలం. డి అంటే సాగే గుణం. లాగినప్పుడు డి లేని మామూలు 500 రాడ్ తెగేలోపు కనీసం 12 శాతం సాగాలి, 500డి అయితే 16 శాతం సాగాలి. భూకంపం వచ్చినప్పుడు పిల్లర్ వంగి నిలబడాలి గానీ పుటుక్కున విరగకూడదు, అందుకు ఆ సాగడం కావాలి. కొట్టులో ఎవరూ ఇది చెప్పరు. 550 ఉంది సార్, 500 కంటే ఎక్కువ కదా అంటారు. అంకె పెద్దదైతే సరుకు గొప్పదని మనమూ తలూపుతాం, నేను నూట ఒక్క రాడ్లకి తలూపినట్టు.

టీఎంటీ రాడ్ తయారీ గురించీ వాడే చెప్పాడు. మిల్లులోంచి ఎర్రగా వచ్చే కడ్డీని ఒక్కసారిగా నీళ్ళ పెట్టెలోంచి దూరుస్తారు. పైపొర చటుక్కున చల్లారి గట్టిపడుతుంది. లోపల ఇంకా వేడిగానే ఉంటుంది, ఆ వేడి మెల్లగా బయటికొచ్చి పైపొర పెళుసుదనాన్ని తగ్గిస్తుంది. చివరికి బయట గట్టి, లోపల మెత్తన. "అచ్చం అక్కలాగే" అన్నాను. "నీతో ఇదేరా తంటా" అని ఫోన్ పెట్టేశాడు.

కానీ వాడి ప్రశ్నకి నా దగ్గర జవాబుంది. ముప్ఫై సెకన్లలో ఏ ప్రకటనా పాఠం చెప్పలేదు. ఉరుముల ప్రకటన చెప్తోందా? పైగా ఇనుము ఎంపిక చాలావరకు టీవీ ముందు జరగదు. మేం ఏ కంపెనీ తీసుకోవాలో మేస్త్రి చెప్పాడు, కొట్టువాడు ఖాయం చేశాడు. కంపెనీలకీ ఇది తెలుసు. మేస్త్రీలకి మీటింగులు పెట్టి, భోజనాలు, టీషర్టులు, బహుమతులు ఇచ్చేది అందుకే. ఇంటివాళ్ళకి మిగిలే పని ఒకటే, వచ్చిన సరుకు చూసుకోవడం. ప్రకటన చేయగలిగింది కూడా అదే, చూసుకోవాలన్న ఒక్క ఆలోచన తలలో వదిలి వెళ్ళడం. ఆ పని నవ్వుతోనే అవుతుంది. ఉరుములు చూసి ఎవరూ రాడ్ మీద వేలు రుద్దరు.

తోబుట్టువులే ఎందుకంటారా? హీరోని మనం ప్రశ్నించం. భార్యాభర్తల్ని పెడితే ప్రకటన ముద్దుముద్దుగా తయారవుతుంది. తండ్రిని పెడితే వయొలిన్ మొదలవుతుంది, ఇంక కన్నీళ్ళే. ఒకరి మాట ఒకరు నమ్మకుండా, అయినా వదిలిపెట్టకుండా, "నీ మొహం, నువ్వు సరిగ్గా చూసి ఉండవు" అనగలిగేవాళ్ళు తోబుట్టువులు మాత్రమే. సరుకు తనిఖీకి ఇంతకంటే మంచి మనుషులు దొరకరు.

సరదాగా ఇనుము అమ్మినవాళ్ళు లేకపోలేదు. టాటా స్టీల్ వాళ్ళది దూరదర్శన్ రోజుల్లో వచ్చేది. ఊరు, జనం, ఆటలు, ఇవన్నీ చూపించి చివర్లో "ఇస్పాత్ భీ హమ్ బనాతే హైఁ" అనేవారు. అన్నట్టు మేం ఉక్కు కూడా చేస్తామండోయ్ అన్నట్టు. అమ్మే వస్తువుని చివర్లో మర్చిపోయి గుర్తు చేసుకున్నట్టు చెప్పడంలో కొంటెతనం ఉంది. ఇక మన తెలుగులో ఉక్కు మీద పుట్టిన అతి గొప్ప వాక్యం ఏ ప్రకటనల కంపెనీ రాసిందీ కాదు. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు." 1966లో ఆ మాట కోసం 32 మంది ప్రాణాలు పోయాయి. 1970లో కర్మాగారం ప్రకటించారు, 1992లో జాతికి అంకితం చేశారు. ఇప్పటికీ దాని మీద వార్త వస్తే మొదట నోటికొచ్చేది ఆ ప్రాసే. ఉక్కు, హక్కు. రెండు మాటల్లో అంత బిగువు తెచ్చే రాతగాడు ఏ ఏజెన్సీలోనైనా ఉంటే నాకు చెప్పండి.

ఆ ప్రాస దగ్గరే నాకు గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఇందాక షరతు ఉందన్నాను కదా.

అన్నదమ్ముల గోడ ప్రకటనలో అన్న ఉన్నాడు, తమ్ముడు ఉన్నాడు. ఇల్లు పంచుకోవడం అంటే మన బుర్రలో పడే బొమ్మ కూడా అదే. ఆడపిల్ల ఇళ్ళ ప్రకటనల్లోకి రాకపోదు, వస్తుంది. పల్లకీ ఎక్కుతూ, పుట్టింటి గడప వైపు తిరిగి ఏడుస్తూ. లేదా రాఖీ పట్టుకుని. గోడ కట్టేటప్పుడు ఎటు పక్కా ఉండదు. అసలు ఆ స్థలంలో ఆమెకీ వాటా ఉందన్న సంగతి ఎవరికీ తోచదు.

చట్టానికి మాత్రం తోచింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ హక్కు ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు ప్రభుత్వం సవరణ తెచ్చింది, 1985 నుంచే అమలు. అప్పటికే పెళ్ళయిపోయిన వాళ్ళకి మాత్రం వర్తించలేదు. దేశమంతటా రావడానికి 2005 దాకా పట్టింది. 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో ఈ హక్కు పుట్టుకతోనే వస్తుందనీ, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదనీ తేల్చింది.

మా అక్క పెళ్ళి 1996లో అయింది. తణుకు స్థలం తాతగారిది. లెక్క మీకే తెలుస్తుంది.

ఇల్లు మొదలుపెట్టే ముందు సంవత్సరం, బ్యాంకు లోనుకి కాగితాలు శుభ్రంగా ఉండాలన్నారని, అక్క చేత హక్కు విడుదల పత్రం రాయించాం. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. అన్నయ్య కూల్‌డ్రింక్ తెచ్చాడు. వేలిముద్ర వేయించి, ఫొటో తీశారు. "ఎక్కడరా సంతకం" అని అడిగి పెట్టేసింది. చీర పెడతాం కదా అన్నట్టుగా మేమూ పెద్దగా ఏమీ మాట్లాడలేదు. ఏమైనా అడుగుతావా అని కూడా అడగలేదు. అడిగితే ఏం చెప్పేదో తెలియకపోవడమే మాకు సుఖంగా ఉండి ఉంటుంది.

అలా హక్కు వదిలేసిన మనిషే ఏడాది తిరక్కుండా ఎండలో నిలబడి నూట ఒక్క రాడ్ల మీద వేలు రుద్దింది. నలభై ఒకటి వెనక్కి పంపించి, కొత్తవి దిగేదాకా లారీ డ్రైవర్‌ని కదలనివ్వలేదు. స్లాబ్ రోజు తెల్లవారుజామునే వెళ్ళి, ఇనుము కాంక్రీటు లోపలే ఉండేలా దాని కింద ఎత్తుగా ఉంచే కవర్ బిళ్ళలు పెట్టారో లేదో చూసింది. ఆ ఇంట్లో తనకి గది లేదు.

అందుకే నేనడిగే సరదా ప్రకటనలో అక్క ఉండాలి. నా ఊహలో అది ఇలా ఉంటుంది. ఫోన్‌లో వీడియో కాల్. ఒక డబ్బాలో అన్న, ఒక డబ్బాలో తమ్ముడు. "హీరోగారే చెప్పారు కదక్కా, ఇంకా చూసేదేముంది?" అక్క కిరాణా కొట్టులో ఉంది. చింతపండు పొట్లం పక్కకి జరిపి, కాటా మీద ఇనుప ముక్క పెట్టింది. కొట్టాయన కళ్ళద్దాలు సర్దుకుని అంకె చదివాడు. అన్నదమ్ములిద్దరి మొహాలూ ఒకేసారి పాలిపోయాయి. అంతే. కంపెనీ పేరు ఆ ముక్క మీదే ఉంటుంది, ఎవరూ గట్టిగా అరిచి చెప్పక్కర్లేదు. దీన్ని తీయడానికి ఏ హీరో డేట్లూ అక్కర్లేదు. కోహ్లికిచ్చే డబ్బులో ఎన్నోవంతు అవుతుందో మీరే లెక్కేసుకోండి.

అన్నట్టు, ఇనుము మళ్ళీ కంటికి కనబడదన్నాను, పూర్తిగా నిజం కాదు. మన ఊళ్ళలో డాబా ఎక్కితే పిల్లర్ల నెత్తిన చువ్వలు మూడడుగులు పైకి పొడుచుకుని ఉంటాయి, ఎప్పటికో వేసే పై అంతస్తు కోసం. మా డాబా మీదా ఉన్నాయి. తుప్పు పట్టకుండా అన్నయ్య సిమెంట్ పాలు పూయించాడు, పిల్లలకి గుచ్చుకోకుండా నేను ఖాళీ నీళ్ళ సీసాలు బోర్లించాను. పై అంతస్తు తన కొడుక్కి వేద్దామని అన్నయ్య ఆలోచన. అద్దెకిస్తే లోను తీరుతుందని నాది. పోయిన వేసవిలో అందరం తణుకులో ఉన్నప్పుడు హాల్లో కూర్చుని ఈ సంగతే కాస్త గట్టిగా మాట్లాడుకుంటున్నాం. అక్క వడియాలు పెట్టడానికి డాబా మీదికి వెళ్ళి ఉంది. కాసేపటికి మెట్ల మీంచి దిగుతూ, పిండి చేతిని కొంగుకి తుడుచుకుంటూ అంది:

"చువ్వల మీద పేరు ఇంకా చెరగలేదురా. ఆ పైది మీ ఇద్దర్లో ఎవరు వేసుకున్నా సరే, ఈసారి ఇనుము దించేటప్పుడు మాత్రం నన్ను పిలవకండి."